పస్తును ఉపవాసమును: బిషప్ అజరయ్యగారి జీవితము

ప్రతి సంవత్సరమును భస్మ బుధవారము రాగానే మన సంఘములలో ఒక ప్రశ్న మరల తలయెత్తుచుండును. ఈ కాలపు క్రైస్తవునికి ఉపవాసము అవసరమా? అవసరమైనచో అది ఎట్టిదై యుండవలెను? కొందరు అది పాతనిబంధన కాలపు ఆచారమనియు, కృపచేత రక్షింపబడిన మనకు దానితో పనిలేదనియు చెప్పుదురు. మరికొందరు 21 దినములనియు 40 దినములనియు లెక్కలు కట్టి, ఆ లెక్కలను గోడపత్రికలమీద అచ్చొత్తించి, మైకులలో ఊరంతయు వినునట్లు చాటింతురు. ఈ ఉభయపక్షముల వాదములను మేము చాలకాలముగా వినుచున్నాము. వాదమునకు వాదము చేర్చుటకంటె ఒక జీవితమును పరిశీలించుట మన విద్యార్థులకు మేలని తోచినది. ఆ జీవితము దూరదేశపు భక్తునిది కాదు. ఖమ్మము మొదలుకొని భద్రాచలపు అడవుల అంచువరకు గల ఈ సీమకు దోర్నకల్ ప్రథమ బిషప్పుగా వచ్చి, ఇచ్చటనే పాటుపడి, ఇచ్చటి మట్టిలోనే విశ్రమించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారిది.

అజరయ్యగారికి ఉపవాసవీరుడను పేరు లేదు. ఆయన పేరు వినగానే పెద్దలకు జ్ఞప్తికి వచ్చునది అర్పణ. అయినను ఉపవాసమునకు నిజమైన అర్థము ఆయన పనిలోనే మాకు కనబడినది. అదెట్లో ఈ వ్యాసములో చెప్ప ప్రయత్నింతుము.

ఆయన 1874 ఆగష్టు 17వ తేదీన తిన్నెవెల్లి సీమయందలి వెళ్లాళన్‌విళై అను పల్లెలో జన్మించెను. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ పల్లెసంఘమునకు గురువు. తల్లి పేరు ఎల్లెనమ్మ. ఒక కుమార్తె పుట్టిన పిమ్మట చాలకాలమువరకు వారికి మరల సంతానము కలుగలేదు. ప్రార్థనల పిదప పుట్టిన బిడ్డ యగుటచేత సమూయేలు అని పేరు పెట్టిరి. బైబిలులో ఆ పేరుగల ప్రవక్త తల్లియైన హన్నా కథ మన పిల్లలందరు ఎరిగినదే. ఆమె దుఃఖముచేత భోజనము మానెను. అది ఏ నియమము ప్రకారమును చేసిన ఉపవాసము కాదు. మనస్సు నిండినప్పుడు అన్నము రుచింపకపోవుటయే. అయితే ఆమె అన్నము మానుటతో కథ ముగియలేదు. అడిగి పొందిన బిడ్డను తన యొద్ద ఉంచుకొనక దేవుని మందిరమునకు తీసికొనిపోయి అప్పగించెను. ఆమె ఉపవాసము అర్పణతో ముగిసినది. ఈ సంగతిని చదువరులు మనస్సునందుంచుకొనవలెను.

అజరయ్యగారి బాల్యములోనే తండ్రి మరణించెను. తల్లి కఠినమైన క్రమశిక్షణతోను మెలకువతోను ఆయనను పెంచెను. మెజ్ఞానపురములోను, తిన్నెవెల్లిలోను మిషను పాఠశాలలలో చదివి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. పట్టపరీక్ష సమీపించినప్పుడు జబ్బుపడుటచేత పరీక్షకు కూర్చుండలేకపోయెను. పట్టము లేకుండనే కళాశాల విడిచిన ఆ యువకునికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు పట్టము నిచ్చిరి. పరీక్ష తప్పినతోడనే బ్రదుకు చెడినదని తలంచు విద్యార్థులు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురు గాక. 1895లో ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలో ప్రవేశించి, 1909 వరకు దక్షిణదేశమంతయు తిరిగెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడెను. ఆమె తిన్నెవెల్లి క్రైస్తవ స్త్రీలలో కళాశాల విద్య పొందిన తొలివారిలో ఒకరు. పిమ్మట దోర్నకల్లులో భర్తతో సమానముగా శ్రమించినది.

1902లో ఆయన సింహళద్వీపమందలి యాఫ్నాకు పోయెను. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ద్రవ్యముతో తమలోనివారినే సువార్తకు పంపుచుండుట చూచెను. తిన్నెవెల్లి సంఘము అంతకంటె మిక్కిలి పెద్దది; దానికి నూరేండ్ల పై చరిత్ర గలదు. అయినను అది అంతవరకు పుచ్చుకొనుటయే నేర్చుకొన్నది గాని పంపుట నేర్చుకొనలేదు. ఈ తలంపు ఆయనను నిలువనీయలేదు. దాని ఫలముగా 1903 ఫిబ్రవరి 12వ తేదీన పాలయంకోటలో తిన్నెవెల్లి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. 1905 క్రిస్మసు దినమున సెరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడుటలోను ఆయన ముఖ్యుడు. భారతీయులైన పనివారు, భారతీయుల ధనము, భారతీయుల యాజమాన్యము అనునవి వాని మూలసూత్రములు.

అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయములో అంతియొకయ సంఘము ఉపవాసముండి ప్రార్థన చేసి బర్నబాను సౌలును పంపినట్లు చదువుచున్నాము. అక్కడ ఉపవాసము దేనికొరకు? తమ కష్టములు తీరుటకొరకు కాదు, తమకు మేళ్లు కలుగుటకొరకును కాదు. తమలో శ్రేష్ఠులైన ఇద్దరిని పరులకొరకు ఇచ్చివేయుటకు. ఆ సంఘము తన పళ్లెమును ఖాళీ చేసికొన్న దినముననే తన చేతులను కూడ ఖాళీ చేసికొన్నది. తిన్నెవెల్లి వారు తమ కానుకలతో పనివారిని తెలుగుదేశమునకు పంపినప్పుడు జరిగినదియు ఇదియే. ఆ కానుకలలో అధికభాగము ధనికులవి కావు; తాటిచెట్లెక్కి జీవించువారివియు, వారి యిండ్లలోని స్త్రీలవియునై యున్నవి.

ఆ సొసైటీవారు ఎన్నుకొన్న పొలము నిజాము రాజ్యమునకు ఆగ్నేయమూలనున్న దోర్నకల్, మానుకోట ప్రాంతము. ఇతరులను పొండని పంపిన కార్యదర్శికి తాను ఇంటనుండుట సహింపరానిదయ్యెను. 1909లో గురుపట్టము పొంది ఆయనయే దోర్నకల్లునకు వచ్చెను. అప్పటికి 35 సంవత్సరముల వయస్సు. పట్టణములలో పేరుపొందిన వక్త, దేశదేశములు చూచినవాడు, బొగ్గుగనులకు రైలుమార్గము చీలు ఒక చిన్న స్టేషను ఊరిలో కాపురముండి, చిన్నపిల్లవానివలె తెలుగు అక్షరములు దిద్దెను. అలవాటైన భాషను, చుట్టములను, పేరును విడిచి వచ్చుట పెద్ద ఉపవాసమని మేమెంచుచున్నాము. నాలుక కోరినదానిని మానుట యొక దినపు పని. మనస్సు కోరినదానిని మానుట జన్మమంతటి పని.

మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ఆ సభలో అజరయ్యగారు చేసిన ప్రసంగము నేటికిని తలంచుకొనబడుచున్నది. విదేశీయులైన మిషనరీలు భారతదేశమునకు చేసిన త్యాగమునకు కృతజ్ఞత తెలిపియే, వారు ఇక్కడి క్రైస్తవులను సమానులైన స్నేహితులుగా చూడనిచో ఆ లోటు ఏ త్యాగముచేతను తీరదని ఆయన ధైర్యముగా చెప్పెను. కొందరికది రుచింపలేదు. అయినను అది పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయపు బోధయే. ఆస్తియంతయు ఇచ్చినను ప్రేమలేనిచో వ్యర్థమైనట్లే, దినములకొలది అన్నము మానినను ప్రేమలేనిచో వ్యర్థమే. ఇరుగుపొరుగు వారితో పంక్తి కలిసి భోజనము చేయుటకు మనసొప్పనివాడు ఒంటరిగా ఎన్ని పూటలు మానిన నేమి ప్రయోజనము?

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రలులో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన భారతీయులలో ఆయనయే ప్రథముడు. మొదట ఆయన అధ్యక్షమండలము చిన్నది. 1920 తరువాత కృష్ణా గోదావరి తీరములయందలి మిషనులును దానిలో చేరి అది మిక్కిలి విశాలమయ్యెను. గోదావరి యొడ్డున దుమ్ముగూడెములో కోయవారి మధ్య 19వ శతాబ్దమునుండి సాగిన మిషను పనియు దాని పరిధిలోనికి వచ్చెను. ఎడ్లబండ్లమీదను సైకిలుమీదను రైలులోను ఆయన పల్లెపల్లెకు పోయెను. తెల్లవారకముందే లేచి ప్రార్థించుట ఆయన అలవాటు.

ఆయన తిరిగిన పల్లెలు ఎట్టివో నేటి పిల్లలకు చెప్పవలసి యున్నది. సంఘములలోనివారు ముఖ్యముగా మాల మాదిగ వాడలవారు. జీతగాండ్రుగాను, కూలివారుగాను ఉండి, కూలిగింజలతో బ్రదుకువారు. నిజాము రాజ్యములో వెట్టిచాకిరి వారి మెడమీది కాడి. అడవి అంచున కోయగూడెములలో పోడుపంట చేతికి వచ్చువరకు ఇప్పపువ్వును, అడవిగడ్డలును, తాటిచెట్టును ఆధారము. ఆషాఢ శ్రావణములలో గింజలు నిండుకొన్నప్పుడు గట్క పలుచనై గంజి యగును. గంజియు లేని పూట పొయ్యి వెలుగదు. దానిని మనవారు పస్తు అందురు. ఉపవాసమని ఎవరును అనరు. ఈ రెండు మాటలకు నడుమ గల భేదమును నిఘంటువు చూడకుండనే మన పల్లెవారెరుగుదురు. పస్తు తనంతట వచ్చి మీదపడునది. ఉపవాసము మనుష్యుడు తన యిచ్ఛచొప్పున చేయునది. పస్తు దరిద్రుని అవమానించును. ఉపవాసము మనుష్యుని నిలువబెట్టును.

మరి పస్తులుండు జనులకు ఉపవాసమును ఎట్లు బోధింపవలెను? ఆంగ్లికను ప్రార్థన పుస్తకములో లెంటు 40 దినములును, సంవత్సరమందలి శుక్రవారములును ఉపవాస దినములుగా నిర్ణయింపబడి యున్నవి. అయితే ఎంత తినవలెను, ఏది మానవలెను అను వివరము ఆ పుస్తకములో లేదు. ఇంగ్లాండులో నిండిన అల్మారా గల యింటికి ఆ నియమము సులభముగా అర్థమగును. కుండ అడుగున గరిటె గీసికొను యింటికి పోయి, ఈ దినము భోజనము మానుమని చెప్పుట పరిహాసమువలె నుండును. సేవకుడు చెప్పకుండనే ఆ యిల్లాలు నిన్న మానినది, మొన్నయు మానినది.

ఈ చిక్కునకు దోర్నకల్ సంఘములలో దొరకిన సమాధానమే పిడికెడు బియ్యము. దక్షిణదేశపు సంఘములలో అదివరకే యున్న ఈ ఆచారమునకు ఇచ్చటను గొప్ప స్థానము కలిగినది. ఇల్లాలు వంటకు గింజలు కొలిచినప్పుడు, ఎసటిలో పోయకముందు, ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. బియ్యము లేని యింట జొన్నలు. ఆదివారమున ఆ కుండను గుడికి తెచ్చి గంపలో పోయును. కోతపండుగ వచ్చినప్పుడు ధాన్యము, కోడి, మేక, గుమ్మడికాయ, ఏది గలవారు అది తెత్తురు. ఆ గింజలలోనుండియే పల్లె ఉపాధ్యాయునికి జీతము, గుడికి తాటాకు, దిక్కులేనివారికి సాయము. రెండు పూటల వంట జరుగు ఇంట దినమునకు రెండు పిడికిళ్లు, నెలకు 60 పిడికిళ్లు. ఒక్కనాడును ఎవరును పస్తుండలేదు. అయినను ప్రతి పూటయు ఇంటిల్లిపాది ఒక్కొక్క ముద్ద తక్కువ తినిరి. మరి ఇది ఉపవాసము కాక మరేమి? ఇది ముఖము వాడిపోవు ఉపవాసము కాదు. పొయ్యి దగ్గర చీకటిలో, దేవుడును ఇల్లాలును తప్ప మరెవరును చూడకుండ జరుగునది. మత్తయి సువార్త 6వ అధ్యాయములో ప్రభువు చెప్పిన రహస్యము దీనియందు నెరవేరినట్లే.

సారెపతు విధవరాలి కథ ఇక్కడ జ్ఞప్తికి రాకమానదు. కరవుకాలములో ఆమె తొట్టిలో మిగిలినది పట్టెడు పిండి. ఏలీయా మొదట తనకొక అప్పము చేసి పెట్టుమని అడిగెను. పైకి చూడగా అది దయలేని మాటవలె తోచును. అజరయ్యగారిమీదను ఇట్టి ఆక్షేపణమే రాదగును. కూలిగింజలతో బ్రదుకువానియొద్ద కానుక అడుగుట న్యాయమా? మిషను ధనము విదేశమునుండి వచ్చుచుండగా ఈ పేదల పిడికిలి ఎందుకు? ఈ ప్రశ్న తీసివేయదగినది కాదు. పేదవానికి పెట్టవలసిన చోట పేదవానియొద్ద తీసికొనుట పాపమే. అయితే అజరయ్యగారు దీనిని ఇంకొక ప్రక్కనుండి చూచెను. తరతరములుగా ఆ వాడలవారు చేయి చాపినవారు; ఇచ్చువాడెప్పుడును పైన, పుచ్చుకొనువాడెప్పుడును క్రింద. వారిని సంఘములోను చేయి చాచువారిగానే ఉంచినచో, యజమానుడు మారుననియే గాని వారి స్థితి మారదు. తన పిడికిలితో తన గుడిని నిలిపిన మనుష్యుడు అప్పటినుండి బిచ్చగాడు కాడు. ఈ విషయమునే ఆయన క్రైస్తవ అర్పణనుగూర్చిన తన గ్రంథములో విస్తరించెను. అది అనేక భాషలలోనికి పరివర్తన చేయబడినది.

ఇది అజరయ్యగారి కాలమున పుట్టిన క్రొత్త బోధ కాదు. యెషయా 58వ అధ్యాయము మొత్తము దీనినే చెప్పుచున్నది. తలవంచి గోనెపట్ట పరచుకొనుట ఉపవాసము కాదనియు, కాడి విరుచుటయు, ఆకలిగొన్నవానికి ఆహారము పెట్టుటయు దేవునికి ప్రియమైన ఉపవాసమనియు ఆ ప్రవక్త బోధించెను. 2వ శతాబ్దములో రోమాపురమున వ్రాయబడిన హెర్మా కాపరి అను గ్రంథములో ఒక ఉపవాసక్రమము కలదు. ఉపవాసదినమున రొట్టెయు నీళ్లును మాత్రము పుచ్చుకొని, ఆ దినము తినవలసియుండిన వంటకముల వెల లెక్కించి, ఆ సొమ్మును విధవరాలికో అనాథకో ఇయ్యవలెను. ఆ శతాబ్దమందే ఏథెన్సు తత్త్వవేత్తయైన అరిస్టైడీసు చక్రవర్తికి వ్రాసిన విన్నపములో, క్రైస్తవులు తమయొద్ద మిగులు లేనప్పుడు రెండు మూడు దినములు ఉపవాసముండి పేదవానికి కావలసినది సమకూర్తురని తెలిపెను. కావున ఆదిసంఘములో ఉపవాసము ఒక చేతినుండి ఇంకొక చేతికి పోవు అన్నము. రోమాపురపు రొట్టెకును మన పల్లె పిడికెడు జొన్నలకును నడుమ 18 శతాబ్దములు గలవు. భావము మాత్రము ఒక్కటే.

బిషప్పుగారు మానుమని చెప్పినవి అన్నముకంటె వేరైనవి. మురికి, రోగము, ఋణము, మద్యము, ఈ నాలుగును పల్లెజనుల శత్రువులని ఆయన ఎంచెను. అడవి అంచున కల్లు, ఇప్పసారా ఎంత పని చేయునో చెప్పనక్కరలేదు. పెండ్లికి అప్పు, చావుకు అప్పు, ఆ అప్పు తీరువరకు కొడుకు పెద్దరైతు ఇంట జీతమునకు కుదురుట, ఇది నాటి క్రమము. ఇట్టి యింట ఒక్కపూట అన్నము మానుటకంటె ఒక్క ముంత కల్లు మానుట గొప్ప ఉపవాసము. ఒక్కప్రొద్దు సాయంకాలముతో తీరిపోవును. కల్లు మానిన ఉపవాసము మరణమువరకు సాగవలెను. దాని ఫలమును అనుభవించువారు భార్యయు బిడ్డలును.

ఇంకొక ఆచారమును చెప్పవలెను. బాప్తిస్మము పొందువారు తమ తలమీద తమ చేయి పెట్టుకొని, సువార్త చెప్పకున్న తమకు శ్రమ యని పలుకునట్లు ఆయన నేర్పెను. ఏటేట సాక్ష్యవారము జరిగినప్పుడు, చదువురాని కూలివారును పాటలు పాడుచు పొరుగు పల్లెలకు పోవుచుండిరి. దినకూలివాడు పనిమాని పోయిన పగటికి గింజలు రావు. ఆ గింజలు వదలుకొనుటయు ఉపవాసమే గదా. జీతము పుచ్చుకొను పనివారి బోధకంటె జీతము వదలుకొన్న ఈ కూలివారి మాట పల్లెలను ఎక్కువగా కదిలించెను. 1941 నాటికి దోర్నకల్ మండలములో 2,00,000 పైచిలుకు క్రైస్తవులుండిరి.

అజరయ్యగారి కాలముననే భారతదేశములో ఉపవాసము లోకమంతయు చూచిన యొక మహాకార్యమయ్యెను. 1932 సెప్టెంబరు 20వ తేదీన గాంధీమహాత్ముడు ఎరవాడ చెరసాలలో, హరిజనులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని ప్రాయోపవేశము ప్రారంభించెను. పూనా ఒడంబడిక జరిగిన పిమ్మట 26వ తేదీన విరమించెను. అజరయ్యగారును భారత క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనియే వాదించినవారు; సంఘము తనకొరకు వేరుభాగము కోరరాదని ఆయన నిశ్చయము. అయితే మతము మార్చుకొనుటనుగూర్చి 1936, 1937 సంవత్సరములలో ఆ ఇద్దరికిని గట్టి భేదాభిప్రాయము కలిగెను. గాంధీగారి ఉపవాసము దేశపు మనస్సాక్షిని కదిలింప నెంచినది. దానికి వెలుగు అవసరము. పల్లె యిల్లాలి పిడికెడు ఉపవాసమునకు చీకటియే తగినది. దానిని దినపత్రికలు వ్రాయలేదు. అయినను అది ఏండ్లతరబడి ఒక్క పూటయైనను తప్పక జరిగినది. మొదటిదాని ఘనతను తగ్గించుట మా ఉద్దేశము కాదు. సామాన్యులైన మనకు అనుసరింపదగినది రెండవది.

దోర్నకల్లులోని ఎపిఫనీ కథీడ్రలు ఆయన పనికి కనబడు గుర్తు. ఆలయపు మంటపస్తంభములను, మసీదుల గుమ్మటములను పోలిన పనితనమును క్రైస్తవారాధనకు చేర్చి కట్టిన ఆ మందిరము ఏండ్లతరబడి నిర్మింపబడి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. దక్షిణదేశపు సంఘములన్నియు ఏకము కావలెనని ఆయన బహుకాలము పాటుపడెను. ఆ ఐక్యతను చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులో తనువు చాలించెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఏర్పడెను. తాను కోసికొనని పంటకొరకు విత్తుటయు ఒక విధమైన ఉపవాసమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఈ కాలపు క్రైస్తవ జీవితములో ఉపవాసమునకు స్థానము కలదా? కలదని మా అభిప్రాయము. ప్రభువు తానే 40 దినములు ఉపవాసముండెను. తన శిష్యులు ఉపవాసముందురు గాని, వేషధారులవలె నుండరాదని చెప్పెను. అయితే ఈ కాలములో దానిని మూడు విధములుగా చెడగొట్టుకొనుచున్నాము. ఒకటి, దేవునితో బేరము చేయుట: ఇన్ని దినములు మానితిని, ఇక ఉద్యోగము ఇమ్ము, వీసా ఇమ్మని అడుగుట. రెండవది, ప్రదర్శన: దేవాలయములో పరిసయ్యుడు వారమునకు రెండుసార్లు ఉపవాసముందునని దేవునికే వినిపించెను, నేడు ఫోనులో లోకమంతటికి వినిపింతుము. మూడవది, ఉపవాసము విరమించు వేళ ముందటి రెండు పూటలది కలిపి విందు చేయుట. ఈ మూడింటను మానిన అన్నము ఎవరి కడుపునకును చేరదు. అది మన యింటనే మిగిలిపోవును. మిగిలిపోయిన ఉపవాసము పొదుపు మాత్రమే.

ఉపవాసమను మాటకు దగ్గర వసించుట యని అర్థము. దేవునికి దగ్గరగా నుండుట అది. కాని దేవునికి దగ్గరైనవానికి ఆకలిగొన్నవాడు దూరముగా నుండజాలడు. మా పాఠశాలవంటి పాఠశాలలకు ప్రొద్దుట ఏమియు తినకుండ వచ్చు పిల్లలు నేటికిని కలరు. తరగతిలో వారి కన్నులు మూతపడుట సోమరితనముచేత కాదని ఏ ఉపాధ్యాయుడైనను కొలదికాలములోనే తెలిసికొనును. వారికి ఉపవాసము బోధింపరాదు. వారికి అన్నము పెట్టవలెను. ఎదుగు పిల్లలును, గర్భిణులును, పాలిచ్చు తల్లులును, చక్కెరవ్యాధికి మందు పుచ్చుకొనువారును, రోగులును ఇతరుల మాటకు లోబడి అన్నము మానరాదు. వైద్యుని మాట వినుట అవిశ్వాసము కాదు. అట్టివారు మానదగినవి వేరుగా నున్నవి: కోపము, కొండెము, తాగుడు, వృథా వ్యయము, గంటలకొలది ఫోను చూచుట.

ఇక కడుపునిండ తిను మనకు అజరయ్యగారి జీవితము ఒక సులభమైన కొలత నిచ్చుచున్నది. మన ఉపవాసము నిజమైనదో కాదో తెలిసికొనవలెనన్న, మనమెంత ఆకలిగొంటిమని చూడనక్కరలేదు. మనము మానినది ఎవరి పళ్లెములో పడినదని చూడవలెను. లెంటు దినములలో ఒక పూట టిఫిను మానిన విద్యార్థి ఆ రూపాయలను తన జేబులోనే ఉంచుకొన్నయెడల అది పస్తు. ఎవరికిని చెప్పక, తినని తోటివానికి అది చేరునట్లు చేసినయెడల అది ఉపవాసము. పిడికిలి చిన్నదని ఎవరును సంకోచింపకుందురు గాక. ఈ సీమలోని గుడులు అనేకములు ఆ పిడికిళ్లతోనే నిలిచినవి. ఇకముందును అట్లే నిలుచును.